మీరు నుంచి నువ్వు దాకా: కొరియన్ డ్రామాలు కొత్తగా చూసేవారికి

మా అమ్మకు మోకాళ్ళ ఆపరేషన్ జరిగిన వేసవిలో నేను విజయవాడలో ఉద్యోగానికి సెలవు పెట్టి, గుంటూరు బ్రాడీపేటలోని పుట్టింట్లో ఆరు వారాలు ఉన్నాను. పొద్దున్నే ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి వచ్చి వెళ్ళిపోయాక, మళ్ళీ ఎండ వాలే వరకు మా ఇద్దరికీ ఏ పనీ ఉండేది కాదు. అమ్మ చూసే తెలుగు సీరియళ్ళు సాయంత్రం దీపాలు పెట్టాక గానీ మొదలు కావు. ఆ మధ్యాహ్నాలను ఎలా గడపాలో తోచక, మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు సగం చూసి వదిలి వెళ్ళిన కొరియన్ డ్రామాను టీవీలో మొదటి నుంచి పెట్టాను. దాని పేరు ‘రిప్లై 1988’. మేము చూసినదానికి తెలుగు డబ్బింగ్ లేదు. కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వస్తాయి. అమ్మకు ఇంగ్లీషు రాదు. అందువల్ల ఒక్కొక్క సబ్‌టైటిల్ చదివి, వెంటనే తెలుగు చేసి, ఫ్యాను చప్పుడును దాటి వినబడేలా చెప్పే బాధ్యత నా మీద పడింది.

కొరియన్ డ్రామాలు చూడాలని ఉంది గానీ ఎక్కడ మొదలుపెట్టాలో, ఆ పేర్లన్నీ ఎలా గుర్తుపెట్టుకోవాలో తెలియడం లేదని ఈ మధ్య ఆఫీసులోనూ, బంధువుల ఇళ్ళలోనూ చాలామంది అడుగుతున్నారు. వారందరికీ నేను చెప్పదలచుకున్నది ఆ ఆరు వారాల్లో అమ్మకు చదివి వినిపిస్తూ తెలుసుకున్నదే. ఈ డ్రామాల్లో సగం కథ పిలుపుల్లోనూ, మాట ముగించే తీరులోనూ ఉంటుంది. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి అది దాదాపు అంతా రాలిపోతుంది. తెలుగు వినే చెవికి మాత్రం అది, భాష రాకపోయినా, అందుతుంది.

మొదటి రోజునే చిక్కు వచ్చింది. ఇంగ్లీషులో ‘యూ’ అనే ఒక్క మాటతో పని జరిగిపోతుంది. తెలుగులో చెప్పాలంటే నువ్వు అనాలా, మీరు అనాలా అన్నది ప్రతి వాక్యానికీ తేల్చుకోవాలి. ఒక కుర్రవాడు పక్కింటి ఆవిడతో మాట్లాడుతున్న చోట నేను తొందరలో ఏకవచనంలో చెప్పేశాను. అమ్మ వెంటనే ఆపింది. “అదేంటే, వాడు చివర ‘యో’ అంటున్నాడు కదా. ఇందాక స్నేహితులతో మాట్లాడినప్పుడు ఆ ‘యో’ లేదు. పెద్దావిడని ‘అండీ’ అంటున్నట్టుంది, సరిగ్గా చెప్పు” అన్నది. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. అమ్మ చెప్పిందే నిజం. కొరియన్ భాషలో ఒక్క ముక్క తెలియని డెబ్బై రెండేళ్ళ మనిషి, పావుగంటలో ఆ భాషలోని మర్యాదను చెవితో పట్టుకుంది.

తర్వాత దీని గురించి చదివి కొంత తెలుసుకున్నాను. కొరియన్‌లో క్రియ వాక్యం చివర వస్తుంది, తెలుగులో లాగే. మర్యాద అంతా ఆ క్రియ చివర తగిలించే ముక్కలో ఉంటుంది, అది కూడా తెలుగులో లాగే. మనం ‘వస్తున్నా’ అనడానికీ, ‘వస్తున్నానండీ’ అనడానికీ మధ్య ఉన్న తేడాను వారు ఆ ‘యో’తో చూపిస్తారు. పై అధికారి ముందు, సైన్యంలో, టీవీ వార్తల్లో ‘నిదా’ అని ముగిసే మాటలు వినిపిస్తాయి. వాటిలో లాంఛనం ఇంకా ఎక్కువ. ఈ రెండూ లేకుండా మాటను మధ్యలో తుంచినట్టు ముగిస్తే అది చనువు, లేదంటే చిన్నచూపు. మర్యాద మాటకు జొందెమాల్ అనీ, చనువు మాటకు బన్‌మాల్ అనీ పేర్లు. ‘అవును’ అనడానికి కూడా పెద్దవారి దగ్గర ‘నే’ అంటారు, తోటివారి దగ్గర మన ‘ఊఁ’ లాంటి చిన్న శబ్దంతో సరిపెడతారు. ఎవరికైనా ఏదైనా కష్టం వచ్చినప్పుడు ‘అయిగో’ అంటారు, దానిని నేను అమ్మకు ఏనాడూ తెలుగు చేయవలసి రాలేదు. ఈ పోలికలను పట్టుకుని రెండు భాషలకూ చుట్టరికం కలపనక్కరలేదు. చూసేవారికి అవి ఉపయోగపడితే చాలు.

ఈ తేడా తెలియకపోతే కథలో ఏం పోతుందో చెబుతాను. ప్రేమ డ్రామాల్లో ఇద్దరూ మొదట జొందెమాల్‌లో మాట్లాడుకుంటారు. ఐదారు భాగాల తర్వాత ఎక్కడో ఒకచోట, వాన చూరు కింద నిలబడినప్పుడో, బస్టాపులో కూర్చున్నప్పుడో, ఒకరు “మాట దించవచ్చా?” అని అడుగుతారు. కొరియన్‌లో ఆ మాటకు అక్షరాలా అదే అర్థం: మాటను కింద పెట్టడం. మన ఇళ్ళలో పెళ్ళయిన కొత్తలో భార్యాభర్తల మధ్య మీరు పోయి నువ్వు వచ్చే రోజు ఎటువంటిదో, ఆ ప్రశ్న అటువంటిది. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో అది ‘ఇక నుంచి సరదాగా మాట్లాడుకుందాం’ అన్నట్టు వచ్చి వెళ్ళిపోతుంది. చదివేవారు ఆ వాక్యాన్ని గమనించరు, ఆ తర్వాత ఆ అమ్మాయి ఎందుకు తల దించుకున్నదో వారికి తెలియదు. కోపంలో ఇది తిరగబడుతుంది. అప్పటిదాకా చనువుగా మాట్లాడిన భార్య ఒక్కసారిగా ‘యో’ పెట్టి మాట్లాడితే ఆ ఇంట్లో ఏదో తెగిపోయిందని అర్థం. మన ఆడవాళ్ళు కోపం వచ్చినప్పుడు “మీరు పెద్దవారు, మీకు చెప్పేంతదాన్ని కాదు” అనడం విన్నవారికి ఇది వివరించవలసిన పని లేదు.

కొత్తగా చూసేవారికి వింతగా తోచే ఇంకో విషయం, పరిచయమైన రెండో నిమిషంలోనే వయసు అడగడం. అది వారికి అవసరం. ఒక్క ఏడాది పెద్దయినా పిలుపు మారుతుంది కాబట్టి, ఎవరు ఎవరికి పెద్దో తేలితే గాని సంభాషణ ముందుకు సాగదు. పాత డ్రామాల్లో వయసు లెక్క మనకు ఒకటి రెండేళ్ళు ఎక్కువగా కనిపిస్తుంది. పుట్టగానే ఒక ఏడాది, ప్రతి జనవరి 1న ఇంకో ఏడాది కలిపే సంప్రదాయ లెక్క అది. 2023 జూన్ నుంచి అక్కడ చాలావరకు చట్టపరమైన వ్యవహారాలకు పుట్టినరోజును బట్టి లెక్కించే వయసునే ప్రమాణం చేశారు.

ఇక వరసలు. ఆడపిల్ల తన అన్నను ‘ఒప్పా’ అంటుంది, అక్కను ‘ఒన్నీ’ అంటుంది. మగపిల్లవాడు అన్నను ‘హ్యంగ్’ అంటాడు, అక్కను ‘నూనా’ అంటాడు. పిలిచేది ఆడవారా మగవారా అన్నదాన్ని బట్టి మాట మారుతుందన్నది ఒక్కటే మనకు కొత్త. తల్లి అక్కచెల్లెళ్ళు ‘ఇమో’, తండ్రి అక్కచెల్లెళ్ళు ‘గోమో’. ఇంగ్లీషులో ఇద్దరూ ఆంటీలే, మనకు పిన్ని వేరు, మేనత్త వేరు. హోటల్లో వడ్డించే ఆవిడను కూడా ‘ఇమో’ అని పిలుస్తారు. నడివయసు ఆడమనిషి ‘అజుమ్మా’. ఆ మాటను కాస్త వయసు తక్కువ ఆవిడ మీద వాడితే, ఇక్కడ ఆర్టీసీ బస్సులో ముప్పై ఏళ్ళ అమ్మాయిని ఆంటీ అన్నప్పుడు ఎలా ఉంటుందో అక్కడ కూడా అలాగే ఉంటుంది. ఆఫీసుల్లోనూ బడుల్లోనూ హోదా చివర వచ్చే ‘నిమ్’ అచ్చంగా మన గారు.

అన్నిటిలోకీ నన్ను కష్టపెట్టిన మాట ‘ఒప్పా’. తర్వాత చూసిన ఒక ప్రేమ డ్రామాలో అమ్మాయి తాను ప్రేమించిన అతన్ని ‘ఒప్పా’ అనడం మొదలుపెట్టింది. అర్థం అన్నయ్యే కాబట్టి నేను అన్నయ్యా అని చెప్పాను. అమ్మకు అది సహించలేదు. కాసేపు ఆలోచించి, “బావా అను” అన్నది. నేను ఎన్ని నిఘంటువులు వెతికినా ఆ మాట దొరికేది కాదు. పెద్దరికం, చనువు, ప్రేమ మూడూ కలిసిన పిలుపు తెలుగులో అదొక్కటే. అయితే ‘రిప్లై 1988’లో సన్‌వూ అనే కుర్రవాడు తనకంటే పెద్దదైన బోరాను ప్రేమిస్తాడు, ఆమెను ‘నూనా’ అనే పిలుస్తాడు. దానికి సరిపడే తెలుగు మాట మా ఇద్దరికీ దొరకలేదు. అక్కా అని పిలుస్తూ ప్రేమించడమేమిటని అమ్మ రెండు రోజులు బాధపడింది. మూడో రోజు తానే “ఆ పిల్లవాడు దాచుకోవడం లేదు కదా, తనకంటే పెద్దదని ఒప్పుకునే ఇష్టపడుతున్నాడు” అని సమాధానపడింది.

‘స్క్విడ్ గేమ్’ చూసినవారు మనలో ఎక్కువమందే ఉన్నారు. 2021 సెప్టెంబరులో వచ్చిన 9 భాగాల ఆ సిరీస్‌తోనే చాలామందికి కొరియన్ తెర పరిచయమైంది. అందులో వలస కార్మికుడు అలీగా భారతీయ నటుడు అనుపమ్ త్రిపాఠీ నటించారు. అలీ మొదట తోటి ఆటగాడైన, చదువుకున్న సాంగ్‌వూను ‘సాజంగ్‌నిమ్’ అని, అంటే యజమానిగారూ అని పిలుస్తాడు. ఆ పిలుపు వద్దనీ, తనను ‘హ్యంగ్’ అనమనీ సాంగ్‌వూ చెబుతాడు. పనివాడు తమ్ముడయ్యే చోటు అది. ప్రాణాలు పణంగా పెట్టి ఆడే గోళీల ఆటలో అలీ అతన్ని అంత తేలికగా నమ్మడానికి కారణం ఆ ఒక్క పిలుపే. దీన్ని విననివారికి అలీ కేవలం అమాయకుడిగా కనిపిస్తాడు. విన్నవారికి, పరాయి దేశంలో అన్న దొరికాడనుకున్న మనిషి కనిపిస్తాడు.

పేర్లు గుర్తుండవన్నది అందరి ఫిర్యాదు. మనకు మాత్రం అది ఉండకూడదు. కొరియన్ పేరు మన పాత పద్ధతి తెలుగు పేరు లాగే ఇంటిపేరుతో మొదలవుతుంది. ‘రిప్లై 1988’ కథానాయిక సంగ్ డొక్‌సన్ అంటే సంగ్ వారి అమ్మాయి డొక్‌సన్. కిమ్, ఈ, పాక్ అనే మూడు ఇంటిపేర్లు చాలా ఎక్కువమందికి ఉంటాయి కాబట్టి, ఇంటిపేరును పక్కన పెట్టి తర్వాతి భాగాన్ని పట్టుకోవాలి. పెళ్ళయినా ఆడవారి ఇంటిపేరు మారదు. అందువల్ల తల్లికీ పిల్లలకూ ఇంటిపేర్లు వేరుగా ఉంటే కంగారు పడనక్కరలేదు. వీధిలో తల్లిని సొంత పేరుతో కాకుండా పెద్దబిడ్డ పేరుతో, ‘బోరా అమ్మ’ అని పిలుస్తారు. ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యు’లో ఉత్తర కొరియా సైన్యంలో కెప్టెన్ అయిన కథానాయకుడి ఇంటిపేరు రి, అదే ఇంటిపేరును దక్షిణ కొరియాలో ఈ అని పలుకుతారు. ఒక్క అక్షరంలో సరిహద్దు వినిపిస్తుంది.

ఇంటిపేరు గురించి ఇంత చెప్పడానికి ఇంకో కారణం ఉంది. సన్‌వూది, బోరాది ఒకే ఇంటిపేరు, ఒకే మూలవంశం. అలాంటివారు పెళ్ళి చేసుకోవడాన్ని ఆ రోజుల్లో కొరియా చట్టం నిషేధించింది. 1997లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధం చెల్లదని తీర్పు చెప్పింది, 2005లో చట్టాన్ని సవరించారు. కథ అంతకు ముందు కాలంలో జరుగుతుంది. చివరి భాగాల్లో పెద్దలు ఈ అడ్డంకి ఎత్తినప్పుడు, సబ్‌టైటిల్ చదివి నేను ఎలా చెప్పాలా అని తడుముకుంటుండగానే అమ్మ “సగోత్రమా?” అన్నది. ఇక ఏమీ చెప్పవలసి రాలేదు. అమ్మ కుర్చీలో ముందుకు వంగి కూర్చుంది. మా చిన్నత్త పెళ్ళి ఒకటి ఇదే కారణంతో పోయిందని నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. సన్‌వూ, బోరాల సంగతి ఏమైందో మాత్రం మీరే చూడాలి.

‘రిప్లై 1988’ గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది అదే. టీవీఎన్ అనే కేబుల్ చానల్లో 2015 నవంబరు నుంచి 2016 జనవరి దాకా 20 భాగాలుగా వచ్చింది. రాసినది ఈ ఊజంగ్, దర్శకుడు షిన్ వన్‌హో. సియోల్‌లో సాంగ్‌మున్‌దాంగ్ అనే పేటలో ఒకే సందులో ఉండే ఐదు కుటుంబాల కథ. డొక్‌సన్ ఎవరిని పెళ్ళి చేసుకుంటుందన్న ఊహాగానం కథ పొడుగునా నడుస్తుంది, చూసినవారు ఇప్పటికీ దాని మీద వాదించుకుంటారు. నా మట్టుకు నాకు అందులో అది అంత విలువైన సంగతి కాదు. ఆ సందులోని తల్లిదండ్రుల కోసం చూడాలి.

మొదటి భాగంలోనే రాత్రి భోజనాల వేళ ఒక సన్నివేశం ఉంది. ఒక తల్లి చేసిన కూర గిన్నెలో పెట్టి పిల్లవాడి చేతికిచ్చి పక్కింటికి పంపుతుంది. ఆ ఇంటి తల్లి ఊరికే పంపకుండా తాను చేసినదేదో పెట్టి ఇస్తుంది. పిల్లలు గిన్నెలు పట్టుకుని ఒకరికొకరు ఎదురవుతూ ఆ సందంతా తిరుగుతారు. చివరికి ఒక్క కూర వండుకున్న ఇంట్లో కూడా బల్ల నిండా గిన్నెలు చేరతాయి. ఇక్కడ అమ్మ టీవీ ఆపమన్నది. మేము బ్రాడీపేట నాలుగో లైనులో అద్దెకున్నప్పుడు, గోంగూర పచ్చడి గిన్నె పంపితే ఎదురింటివారు దాన్ని ఖాళీగా పంపేవారు కాదనీ, ఇంకేమీ లేకపోతే బెల్లం ముక్కైనా వేసి ఇచ్చేవారనీ, ఆ గిన్నె మీద కొట్టించిన తాతగారి పేరు వల్ల అది ఏ ఇంట్లో ఉన్నా తిరిగి వచ్చేదనీ చెప్పింది. ఆ గిన్నె ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. నేను తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. పేరులో రెండు అక్షరాలు అరిగిపోయాయి.

డొక్‌సన్ రెండో ఆడపిల్ల. అక్క బోరా సియోల్ నేషనల్ యూనివర్సిటీలో చదివే తెలివైన పిల్ల, తమ్ముడు మగపిల్లవాడు, మధ్యలో ఈ అమ్మాయి. వేయించిన గుడ్డు తక్కువైతే అది డొక్‌సన్‌కే తక్కువవుతుంది. అక్క పుట్టినరోజూ తన పుట్టినరోజూ దగ్గరగా ఉన్నాయని ఒకే కేకుతో సరిపెడతారు. ఆ పిల్ల ఒక రాత్రి అందరి ముందూ ఏడ్చేస్తుంది. తర్వాత తండ్రి సందు చివర వేరే చిన్న కేకు తెచ్చి, నాన్న కూడా పుట్టుకతో నాన్న కాదనీ, తనకూ ఇది కొత్తేననీ చెప్పి తప్పు ఒప్పుకుంటాడు. మా అమ్మ ముగ్గురు ఆడపిల్లల్లో రెండోది. నేను చెబుతూ చెబుతూ గొంతు సరిచేసుకోవలసి వచ్చింది, అమ్మ ఏమీ అనకుండా తెర వైపే చూస్తూ ఉంది. 1988 సియోల్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో మడగాస్కర్ జట్టు ముందు పేరు పలక పట్టుకుని నడవడానికి డొక్‌సన్ ఎన్నో నెలలు సాధన చేస్తుంది. ఆ దేశం ఆ ఒలింపిక్స్‌ను బహిష్కరించింది. చరిత్రలో జరిగిన ఒక చిన్న విషయం ఒక పద్దెనిమిదేళ్ళ పిల్ల మనసు మీద ఎలా పడుతుందో చూపించడం ఈ రచయిత్రికి బాగా తెలుసు.

తిండి మాట వచ్చింది కాబట్టి, కొరియన్‌లో ‘బాప్’ అంటే ఉడికిన అన్నం, భోజనం కూడా. మన ‘అన్నం తిన్నావా’ లాగే ‘బాప్ మొగొస్సొ?’ అన్నది వారికి పలకరింపు, బెంగ, క్షమాపణ అన్నీను. పోట్లాడుకున్న తల్లీకొడుకుల్లో ముందు ఎవరు ఆ మాట అంటారా అని చూస్తూ ఉండండి, తగవు అక్కడ తీరుతుంది. శీతకాలానికి ముందు ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా చేరి నెలలకు సరిపడా కిమ్చీ పెట్టుకునే పనిని కిమ్‌జాంగ్ అంటారు. 2013లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. క్యాబేజీని ఉప్పులో నానవేసి, కారం, వెల్లుల్లి, ఊరబెట్టిన చేపల సరకు కలిపిన ముద్దను ఆకు ఆకుకూ పట్టిస్తారు. ఆ యేడు మే నెలలో, నాకు తెలిసి మొదటిసారి, మా ఇంట్లో ఆవకాయ పెట్టలేదు. ఇంకో డ్రామాలో మోచేతుల దాకా ఎర్రబడిన చేతులతో వారు తొట్టె చుట్టూ కూర్చోవడం చూసి, అమ్మ ఆ కారం రంగును బట్టి అది ఘాటు తక్కువ మిరపేనని తేల్చింది. మిర్చి యార్డు ఉన్న ఊరి మనిషి మాట కాబట్టి నమ్మాను, తర్వాత విజయవాడలో ఒక సూపర్ మార్కెట్లో కొరియన్ కారం కొని రుచి చూస్తే అలాగే ఉంది. మిరప మనకూ వారికీ కూడా సముద్రాలు దాటి వచ్చిన పంటే.

కొన్ని ఉపయోగపడే సంగతులు క్లుప్తంగా చెబుతాను. మామూలు కొరియన్ డ్రామా 16 భాగాలు, ఒక్కొక్కటి గంటకు పైగా ఉంటుంది, వారానికి రెండు చొప్పున వచ్చి రెండు నెలల్లో ముగిసిపోతుంది. మన సీరియళ్ళలా ఏళ్ళ తరబడి సాగదు. చాలా వాటిని మొదటి నుంచి చివరి దాకా ఒక్కరే రాస్తారు, అందువల్ల హీరోను చూసి కాకుండా రచయితను చూసి ఎంచుకోమంటాను. పాక్ హేయంగ్ పేరు కనిపిస్తే నేను ఇంకేమీ అడగను. లిమ్ సాంగ్‌చున్ కూడా అంతే. కిమ్ ఉన్‌సుక్ రాసిన వాటిలో ‘గాబ్లిన్’, ‘మిస్టర్ సన్‌షైన్’ బాగుంటాయి. మొదటి రెండు భాగాలు మెల్లగా నడిచినా ఓపిక పట్టాలి. పన్నెండో భాగం దగ్గర చాలా డ్రామాలు కాస్త నీరసిస్తాయి, అప్పుడు కూడా వదిలేయకూడదు.

2009లో వచ్చిన ‘బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్’తో మొదలుపెట్టమని కొందరు చెబుతారు. నేను చెప్పను. డబ్బున్న కుర్రవాడు పేద అమ్మాయిని అవమానించడం, మణికట్టు పట్టుకుని లాక్కుపోవడం ప్రేమగా చెలామణి అయిన కాలపు కథ అది, మా అమ్మాయి వయసు పిల్లలు దాన్ని ప్రేమ అనుకోవడం నాకు ఇష్టం లేదు. ఆఫీసు జీవితం తెలిసినవారికి ‘మిసేంగ్’ చెబుతాను. 2014లో వచ్చిన 20 భాగాల ఆ డ్రామాలో చదువు, పలుకుబడి లేని కొత్త ఉద్యోగి ఒకడు, మనుషులను పేర్లతో కాకుండా హోదాకు ‘నిమ్’ చేర్చి పిలిచే చోట తన స్థానం వెతుక్కుంటాడు. నేరపరిశోధన ఇష్టమైతే ‘సిగ్నల్’ ఉంది.

చారిత్రక డ్రామాలను, అంటే సాగుక్ అనే వాటిని, రెండో విడతలో చూడడం మంచిది, ఎందుకంటే రాజాస్థానపు భాష మళ్ళీ వేరు. తెనాలి నాటకాల పద్యాలు విన్న మా అమ్మ లాంటివారికి అది అడ్డంకి కాలేదు. ‘జొన్హా’ అన్న పిలుపు వినగానే ప్రభూ అని తానే అందించింది. 2003లో మొదలైన 54 భాగాల ‘దే జాంగ్ గమ్’ వంటింట్లో పెరిగి రాజవైద్యురాలైన స్త్రీ కథ. చిన్నపిల్లగా ఉన్న జాంగ్‌గమ్, వంటకంలో తీపి పెర్సిమన్ పండుదని చెబుతుంది. ఎలా తెలిసిందని పెద్దావిడ గద్దిస్తే, నమిలితే పెర్సిమన్ రుచి వచ్చింది కాబట్టి పెర్సిమన్ అన్నాను, ఎలా తెలిసిందంటే ఏం చెప్పను అని తెల్లబోతుంది. రుచి తెలిసిన నాలుక గురించి ఇంత సూటిగా చెప్పిన సన్నివేశం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒక్క విన్నపం. తెలుగు డబ్బింగ్ దొరికినా, వీలైనంతవరకు అసలు శబ్దం పెట్టుకుని చూడండి. నేను విన్న ఒక డబ్బింగ్‌లో కొడుకు తండ్రిని, ఉద్యోగి అధికారిని, ప్రియుడు ప్రియురాలిని అందరినీ ఒకేలా నువ్వు అనేశారు. మన భాషలో ఆ తేడా చూపించే సౌకర్యం పుట్టుకతో ఉండగా దాన్ని వాడుకోకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. ఇంగ్లీషు వేగంగా చదవలేని పెద్దవారు ఇంట్లో ఉంటే, పక్కన కూర్చుని చదివి చెప్పండి. ఒక్కో భాగానికి రెట్టింపు సమయం పడుతుంది.

ఆరు వారాలు పూర్తయ్యే ముందు మేము చూసినది ‘మై మిస్టర్’. 2018లో వచ్చిన 16 భాగాల డ్రామా, పాక్ హేయంగ్ రాసినది. నలభై దాటిన ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు, అప్పులలో మునిగి, చెవులు వినబడని ముసలి నాయనమ్మను చూసుకునే ఇరవై ఒక్క ఏళ్ళ తాత్కాలిక ఉద్యోగిని. ఆమె అతని ఫోన్లో దొంగచాటుగా వినే ఏర్పాటు చేసి, అతని అడుగుల చప్పుడు, ఊపిరి, అన్నదమ్ములతో అతను తాగుతూ చెప్పుకునే మాటలు చెవిలో పెట్టుకుని రాత్రంతా వింటుంది. వినడం వల్లనే ఒక మనిషి మంచివాడని తెలుసుకుంటుంది. అతను ఆఫీసులో ‘బుజాంగ్‌నిమ్’, అంటే మేనేజరు గారు. ఆమె అతన్ని ‘అజొష్షి’ అంటుంది. కొరియన్‌లో ఈ డ్రామా పేరే ‘నా అజొష్షి’.

అజొష్షి అంటే రక్తసంబంధం లేని నడివయసు మగమనిషి. దారిలో ఆపి చిరునామా అడిగేవాణ్ణీ అలాగే పిలవవచ్చు. నేను మొదట సార్ అని చెప్పాను, అమ్మ అది దూరంగా ఉందన్నది. అంకుల్ అంటే అపార్టుమెంటు మాటలా ఉందన్నది. బాబాయ్ అని రెండు భాగాలు నడిపాము. చనువు సరిపోయింది గానీ, ఆ అమ్మాయికి ఈ లోకంలో బాబాయి అనేవాడు ఎవరూ లేరన్నది ఆ పిలుపులో పోయింది. ఐదో భాగమో ఆరో భాగమో నడుస్తుండగా ఆ పిల్ల చీకట్లో వెనక నుంచి అతన్ని పిలిచింది. నేను ఏ మాట వేయాలా అని ఒక క్షణం ఆగాను. అమ్మ నా చేతి మీద చెయ్యి వేసి, “ఆ ఒక్క మాటా మార్చకే, ఆ పిల్ల అన్నట్టే ఉండనీ” అన్నది. అప్పటి నుంచి చివరి భాగం వరకు మిగతావన్నీ తెలుగులో చెబుతూ, ఆ మాట వచ్చినప్పుడు మాత్రం నేను మాట్లాడడం ఆపేసేదాన్ని.